శాక్రమెంటో రైల్వే మ్యూజియం: బెర్తుల పిచ్చి ఉన్నవాళ్ళకి

అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చి, మాల్స్ చూసీ చూసీ విసుగెత్తిన రైల్వే రిటైర్డ్ మనుషులెవరైనా ఉంటే, శాక్రమెంటోలోని కాలిఫోర్నియా స్టేట్ రైల్‌రోడ్ మ్యూజియానికి తీసుకెళ్ళమని అడగండి. నేను విజయవాడ డివిజన్‌లో టీటీగా చేసి రిటైరయ్యాను. ఇంజన్ల కన్నా బెర్తుల మీదే నాకు ధ్యాస ఎక్కువ. అందుకే ఈ రివ్యూ అంతా స్లీపర్ బోగీల గురించే ఉంటుంది. ఇంజన్లు కావాలంటే అక్కడ బోలెడున్నాయి. డ్రైవరు క్యాబ్ ముందుకొచ్చి, పొగగొట్టం వెనక్కి పోయిన సదరన్ పసిఫిక్ రైల్వే వారి 4294 ఇంజను దగ్గర మా మనవడు కదిలితే ఒట్టు. సియెర్రా కొండల్లో సొరంగాల పొగ సిబ్బందికి ఊపిరాడనివ్వదని అలా తిరగేసి కట్టించారట. బుర్ర వాడారు.

నేను వెళ్ళింది సెయింట్ హయాసింత్ అనే స్లీపర్ కోసం. 1929లో కెనడియన్ నేషనల్ రైల్వే కోసం కట్టిన బోగీ ఇది. లోపలికి అడుగుపెట్టగానే బోగీ మెల్లగా ఊగుతుంది. పట్టాల చప్పుడు, క్రాసింగ్ గంట, కిటికీల మీద పరుగెత్తే దీపాలు, అన్నీ యంత్రాలతో పుట్టించినవే. బోగీ అంగుళం ముందుకు కదలదని తెలిసినా, నా చెయ్యి దానంతటదే పక్కనున్న కమ్మీని పట్టుకుంది. చూసిన మా కోడలు నవ్వింది.

మన కళ్ళకి కొత్తగా అనిపించేది బెర్తుల అమరిక. మధ్యలో నడవా, దానికి రెండు పక్కలా బోగీ పొడవునా బెర్తులు. అంటే మన లెక్కలో అన్నీ సైడ్ లోయర్లు, సైడ్ అప్పర్లే! కాకపోతే మన సైడ్ బెర్తులా ఇరుకు కాదు. పగలు ఎదురెదురుగా ఉండే రెండు సీట్లను లాగి కలిపితే లోయర్, పైన మడిచిపెట్టిన పలకను దించితే అప్పర్, ముందు మందపాటి తెర. అప్పర్‌లో పడుకున్నవాడికి కిటికీ ఉండదు, అందుకే దాని ఛార్జీ కూడా తక్కువ. అమెరికాలో స్లీపర్లు నడిపిన పుల్‌మన్ కంపెనీ ఎక్కువగా తిప్పిన నమూనాలో ఇలాంటి జతలు పన్నెండు, చివర ఒక విడి గది. అంతా కలిపి ముప్ఫై మంది కూడా పట్టరు. మన స్లీపర్‌లో డెబ్భై రెండు బెర్తులకు చార్టు పట్టుకుని తిరిగినవాడిగా చెప్తున్నా, నాకైతే అసూయ కలిగింది.

సెయింట్ హయాసింత్‌ను పుల్‌మన్ బోగీ అనేస్తుంటారు. కానీ అది తప్పు, కెనడియన్ నేషనల్ తన స్లీపర్లను తనే నడుపుకునేది. అమెరికాలో మాత్రం ఎక్కువ రైళ్ళకి స్లీపర్లు అద్దెకిచ్చినట్టు నడిపింది పుల్‌మన్ కంపెనీయే. ప్రయాణికుడు రైలు కంపెనీకి ఒక టికెట్టు, బెర్తుకి పుల్‌మన్‌కి ఇంకో టికెట్టు కొనాలి. వాటిని తనిఖీ చేసే కండక్టర్లు కూడా వేర్వేరు. ఒకే బోగీలో ఇద్దరు టీటీలన్నమాట! చిన్న రూట్లలో రైలుకి ఒకే స్లీపర్ తగిలించినప్పుడు పుల్‌మన్ కండక్టరును పెట్టేవాళ్ళు కాదు. పక్కలు వేసే నల్లజాతి పోర్టరుకే టికెట్ల పని కూడా అప్పగించి, పైన కొద్దిగా ఇచ్చేవాళ్ళు. అప్పట్లో పోర్టర్ల పని నెలకి 400 గంటల దాకా ఉండేది. ప్రయాణికులు చాలామంది పేరడక్కుండా అందరినీ ‘జార్జ్’ అనే పిలిచేవాళ్ళు, కంపెనీ పెట్టిన జార్జ్ పుల్‌మన్ పేరు మీద. 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో యూనియన్ పెట్టుకున్నారు. కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించడానికి 1937 దాకా పట్టింది.

సందర్శకుల్లో చాలామంది బోగీ చూసి, పైన బొమ్మ రైళ్ళు చూసి వెళ్ళిపోతారు. నాకు అసలు రుచి తగిలింది పక్కనున్న బిగ్ ఫోర్ భవనం పై అంతస్తులోని మ్యూజియం లైబ్రరీలో. పుస్తకాలు ఇంటికివ్వరు, అక్కడే కూర్చుని చదవాలి. ముందే మెయిల్ పెట్టి, ఏ రైలు, ఏ సంవత్సరం కావాలో రాసి వెళ్తే మీ సమయం కలిసొస్తుంది. ‘స్లీపర్ల చరిత్ర కావాలి’ అని వెళ్ళి నిలబడితే వాళ్ళు మాత్రం ఏం తీసిస్తారు?

నేను అడిగింది నార్త్‌వెస్టర్న్ పసిఫిక్ అనే రైల్వే గురించి. పేరు పెద్దదే గానీ కాలిఫోర్నియా ఉత్తర తీరం దాటని లైను. 1914లో ఆ తీరంలోని యురీకా ఊరి దాకా పట్టాలు కలిశాయి. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఫెర్రీలో నీళ్ళకి అవతలున్న సాసలీటో చేరి, రాత్రి రైలెక్కి బెర్తు మీద పడుకుంటే పొద్దున్నకి యురీకా. దేశం దాటే దర్జా రైలేమీ కాదు, కలప వ్యాపారులూ ఊళ్ళ జనమూ ఎక్కే బండి. 1937లో ఆ నీళ్ళ మీదుగా గోల్డెన్ గేట్ వంతెన తెరిచారు, 1941లో ఆ ఫెర్రీ ఆగిపోయింది. పాత టైంటేబుల్స్‌లో వేళల కింద చీమల్లాంటి అక్షరాల్లో ఏ బోగీ ఎక్కడి నుంచి ఎక్కడికో రాసి ఉంటుంది. భూతద్దం పట్టుకెళ్ళండి. నాలాంటివాడికి అవి చార్టు చదివినంత హాయి.

ఆ చిన్న అక్షరాల్లోనే ఇంకో ఏర్పాటు కనిపిస్తుంది. రైలు అర్ధరాత్రి దాటాక వచ్చే ఊళ్ళలో స్లీపర్‌ను ముందే స్టేషన్లో నిలబెట్టేవాళ్ళు. జనం రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకే ఎక్కి పడుకుంటే, రైలు వచ్చి తగిలించుకుపోయేది. దిగే ఊళ్ళోనూ అంతే, బోగీని పక్క లైన్లో వదిలేస్తే తెల్లారాక తీరిగ్గా దిగొచ్చు. దారిలో ఒక రైలు నుంచి విడదీసి ఇంకోదానికి తగిలించే మన స్లిప్ కోచ్‌లకి అన్నలాంటివి. గుంతకల్లు లాంటి జంక్షన్‌లో షంటింగ్ ఇంజను గుద్దితే లేచి కూర్చున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఊగే బోగీలో ఈ సంగతి కూడా ఒక ఆడియోగా పెడితే బాగుండుననిపించింది.

మ్యూజియం ఈ భవనంలో తెరిచింది 1981లో. అదే ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వ డబ్బుతో శాక్రమెంటో నుంచి లాస్ ఏంజెలెస్‌కి ‘స్పిరిట్ ఆఫ్ కాలిఫోర్నియా’ అనే రాత్రి రైలు మొదలైంది, స్లీపర్లతో సహా. గవర్నరు మారాడు, డబ్బు ఆగింది, 1983 సెప్టెంబరుతో అది కూడా పోయింది. ఆగిన రైళ్ళ కథలన్నిటిలోకీ నాకు ఇదే ఎక్కువ కోపం తెప్పించింది. పాత రోజులు కావుగా, నిన్నా మొన్నటి సంగతి.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బోగీ మెట్ల దగ్గర జాగ్రత్త. వాలంటీర్లని మొహమాటపడకుండా ప్రశ్నలడగండి, రైల్వే మనిషినని చెప్తే ఇంకా ఉత్సాహంగా చెప్తారు. ఇప్పుడు అక్కడ దూరప్రయాణపు రైళ్ళు నడిపే ఆమ్‌ట్రాక్ స్టేషన్ నడిచి వెళ్ళేంత దూరమే. షికాగో వెళ్ళే కాలిఫోర్నియా జెఫైర్ రైలు పొద్దున పదకొండు ప్రాంతంలో వస్తుంది, ఆలస్యం ఉంటే ఫోన్లో చూసుకోండి. ముందు ప్లాట్‌ఫారం మీద ఇప్పటి రెండంతస్తుల స్లీపర్ చూసి, తర్వాత మ్యూజియానికి వెళ్తే రెండూ ఒకే పూటలో అయిపోతాయి.