నాలుగేళ్ల పిల్లకు అంకెలు: దిద్దించడమా, చింతగింజలా?

రెండు నుంచి ఏడేళ్ల వరకు ఉండే వయసును స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాఁ పియాజే (1896–1980) పూర్వ ప్రచాలక దశ, అంటే తర్కంతో ఆలోచించడం ఇంకా అలవడని దశ, అన్నారు. ఈ వయసులో మాట, ఊహ వేగంగా పెరుగుతాయి గాని, కంటికి ప్రస్ఫుటంగా కనిపించే ఒక్క అంశమే ఆలోచనను లాగేసుకుంటుంది. ఆరేసి చింతగింజలను రెండు వరుసలుగా పేర్చి, తన కళ్లముందే ఒక వరుసలోని గింజలను ఎడం ఎడంగా జరిపినా సరే, నాలుగేళ్ల పిల్ల సాధారణంగా పొడవైన వరుసనే చూపి "ఇవే ఎక్కువ" అంటుంది.

ఖర్చు: పలక మీద అంకెలు దిద్దించడానికైనా, చింతగింజలతో లెక్క నేర్పడానికైనా స్వల్పమే.

శ్రమ: దిద్దడం పెద్దలు పక్కన లేకపోయినా సాగుతుంది, గింజలతో మాత్రం ఎదురుగా కూర్చుని, పంచమని, జత కలపమని అడుగుతూ, తప్పు జవాబుకు కసురుకోకుండా ఓపిక పట్టాలి.

ప్రమాదం: దిద్దిన పిల్ల ఇరవై దాకా రాసినా, అయిదు గింజలు ఇమ్మంటే గుప్పెడు తీసి ఇవ్వవచ్చు. ఆ లోటు పలక మీద కనిపించదు, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అదే. గింజలు గొంతులోనో ముక్కులోనో ఇరుక్కునే అపాయం ఉంది కనుక, మూడేళ్లలోపు వారికి ఇవ్వకూడదు, ఆపైవారినీ కనిపెట్టి ఉండాలి.

అడిగినన్ని లెక్కపెట్టి ఇవ్వగలిగి, పెన్సిల్ పట్టు కుదిరిన అయిదారేళ్ల బిడ్డకు దిద్దించడం తగినది. ఇంకా పొడవును చూసి సంఖ్యను తేల్చే బిడ్డకు గింజలే సరైనవి.