సాగా, డిసెండర్, పేపర్ గర్ల్స్: మొదటి సంచికల్లో ఏది మేలు?

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు నొక్కి చూస్తే తెలిసిపోతుంది. కొత్త కామిక్ సిరీస్ మొదటి సంచిక అలాంటి మెతుకు కాదు. అది మన చేతికొచ్చే వేళకి మిగతా బియ్యం ఇంకా ఎసట్లో పడి ఉండవు. అయినా తీర్పు దాన్ని చూసే చెప్పాలి. అమెరికాలో కామిక్ షాపుల వాళ్లు సరుకు ముందుగానే ఆర్డర్ పెట్టుకుంటారు, మిగిలిపోయిన కాపీలు మామూలుగా వెనక్కి పోవు. పాఠకుడు మొదటి సంచిక చదివి పెదవి విరిచేలోపే రెండోదానికి ఆర్డర్లు వెళ్లిపోయి ఉంటాయి. అందుకే రచయితలకి మొదటి సంచికలోనే అన్నీ కుక్కేయాలన్న ఆత్రం. సైన్స్ ఫిక్షన్‌లో ఈ జబ్బు మరీ ఎక్కువ. గ్రహాల పేర్లు, యుద్ధాల చరిత్ర, సైన్యంలో హోదాలు, యంత్రాల తరాలు అన్నీ ఇరవై పేజీల్లో చెప్పేయాలని చూస్తారు. చదివిన గంటకి ఒక్కటీ గుర్తుండదు.

నేను చూసేది ఒకటే. పుస్తకం మూసి వేరే పనిలో పడ్డాక మనసులో ఎవరు మిగిలారు? గ్రహమో యుద్ధమో కాదు, ఒక మనిషి మిగలాలి. లేదా మనిషిలా అనిపించే యంత్రమైనా సరే. ఆ ఒక్కరి కోసం నెల్లాళ్లు ఆగాలనిపిస్తే ఆ సంచిక గెలిచినట్టు.

పోలికకి మూడు తీసుకున్నాను: 2012 మార్చిలో వచ్చిన సాగా, 2015 మార్చిలో వచ్చిన డిసెండర్, అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చిన పేపర్ గర్ల్స్. మూడూ ఇమేజ్ కామిక్స్‌వే. 1992లో పెద్ద కంపెనీలతో పొసగక బయటికొచ్చిన చిత్రకారులు పెట్టుకున్న సంస్థ అది. కథ మీద హక్కు రాసినవాళ్లదీ గీసినవాళ్లదీనే. ఏం చూపాలో, ఎక్కడ ఆపాలో కూడా వాళ్లే తేల్చుకుంటారు. కాబట్టి మంచైనా చెడైనా నిస్సంకోచంగా వాళ్ల ఖాతాలోనే వేయొచ్చు. పైగా సాగా, పేపర్ గర్ల్స్ రెండూ బ్రయన్ కె. వాన్ రాసినవే. ఒకే చేయి మూడేళ్ల తేడాలో రెండు తలుపులు రెండు రకాలుగా ఎలా తెరిచిందో చూడడానికి ఇంతకంటే మంచి జత నాకు తెలియదు.

సాగా మొదటి పేజీలో అంతరిక్షం లేదు. చెమటతో తడిసిన ఒక ఆడమనిషి మొహం ఉంది, అంతే. అలానా ప్రసవిస్తోంది. ఆమె నోటి నుంచి వచ్చే మొదటి మాట పురిటి గదిలో చాలామంది తల్లులకి కలిగే మొరటు అనుమానం, నలుగురిలో ఎవరూ అనని మాట. ఆమెకి రెక్కలున్నాయని, పక్కనున్న మార్కోకి కొమ్ములున్నాయని తర్వాత గమనిస్తాం. వాళ్లున్నది ఆస్పత్రి కాదు, షెడ్డు లాంటి చోటు. వాళ్లిద్దరి జాతుల మధ్య తరాలుగా యుద్ధం నడుస్తోంది. ఇదంతా ఎవరూ కూర్చోబెట్టి పాఠంలా చెప్పరు. ముందు బిడ్డ పుడుతుంది, ప్రపంచం ఆ తర్వాత వస్తుంది.

చెప్పేది కూడా ఆ బిడ్డే. పెద్దయ్యాక హేజెల్ తన పుట్టుక కథ తనే చెబుతోంది. ఆ మాటలు మిగతా కామిక్స్‌లోలా పెట్టెల్లో ఉండవు. చిత్రకారిణి ఫియోనా స్టేపుల్స్ వాటిని తన చేత్తోనే బొమ్మ మీద నేరుగా రాసింది. చూడ్డానికి చిన్న సంగతి. ఫలితం మాత్రం పెద్దది. అచ్చుపెట్టె కథకీ మనకీ మధ్య చిన్న గోడలా నిలబడుతుంది, ఈ చేతిరాత అలా కాదు, ఫొటో ఆల్బమ్‌లో బొమ్మ పక్కన ఇంట్లోవాళ్లు రాసుకున్న మాటలా అనిపిస్తుంది. బిడ్డ బతుకుతుందన్న సంగతి ముందే తెలిసిపోతుంది కదా, ఉత్కంఠ పోదా అని మొదటిసారి చదివినప్పుడు అనుకున్నాను. పోలేదు, వేరేచోటికి మారింది. బిడ్డ బతుకుతుంది సరే, ఆమెని ఎత్తుకున్న చేతులు ఎన్నాళ్లుంటాయి?

యుద్ధం గురించి ఈ సంచిక చెప్పే ముక్క ఒకటుంది, దానికోసమైనా చదవాలి. లాండ్‌ఫాల్ ఒక గ్రహం, రీత్ దాని చందమామ. ఒకదాన్ని నాశనం చేస్తే రెండోది కక్ష్య తప్పుతుంది. అందుకని ఇద్దరూ యుద్ధాన్ని ఇంట్లో ఆపేసి ఊళ్ల మీదకి తోలారు, వేరే గ్రహాల్లో వేరేవాళ్ల పిల్లలతో కొట్టుకుంటున్నారు. రెండు మూడు ప్యానెళ్లలో, అంటే పేజీలోని రెండు మూడు బొమ్మల గడుల్లో, అయిపోయే విషయం ఇది. పత్రికలు చదివే ఎవరికైనా దీనికి అర్థం చెప్పక్కర్లేదు.

సాగాలో లోపం లేదని కాదు. మధ్యలో పరుగు ఎక్కువైంది. పారిపోయే జంట వెనక టీవీ తల ఉన్న ప్రిన్స్ రోబోట్ పడతాడు, ది విల్ అనే కిరాయి హంతకుడూ పడతాడు. ఎవరైనా అబద్ధం చెబితే అబద్ధమని చెప్పేసే పిల్లి ఆ హంతకుడికి తోడు. ఆ పిల్లి ఎవరికైనా గుర్తుండిపోతుంది, కానీ దాన్ని దిగవిడిచి ఇంకో చోటికి దూకిన వేగానికి ఊపిరాడదు. 2.99 డాలర్లకే 44 పేజీలు ఇచ్చారు కాబట్టి సరిపోయింది. మామూలుగా ఉండే ఇరవై, ఇరవై రెండు పేజీల్లో ఇదే కథ నలిగిపోయేది. పడకగది దృశ్యాలు, నెత్తురు, బూతు కూడా దండిగా ఉన్నాయి. పిల్లలకి ఇచ్చే పుస్తకం కాదిది.

డిసెండర్ దీనికి సరిగ్గా ఎదురుదారి పట్టింది. రాసింది జెఫ్ లెమైర్, గీసింది డస్టిన్ న్యూయెన్. నియరాటా అనే మహానగర గ్రహంలో డాక్టర్ క్వాన్ అనే రోబో శాస్త్రవేత్త నిద్ర లేస్తాడు. ఆకాశంలో గ్రహాలంత యంత్రాలు వచ్చి నిలబడ్డాయి. వాటిని హార్వెస్టర్లంటారు. ఎవరు పంపారో తెలియదు, వచ్చినట్టే వచ్చి జనాన్ని ఊచకోత కోసి మాయమవుతాయి. పదేళ్లు గడుస్తాయి. ఆ భయంలో మనుషులు రోబోలన్నిటి మీదా పగ తీర్చుకున్నారు. అప్పుడు ఎక్కడో ఒక చందమామ మీద, గనుల కాలనీలో, టిమ్-21 అనే పిల్లవాడి ఆకారంలోని రోబో కళ్లు తెరుస్తాడు. చుట్టూ ఎవరూ లేరు. తను ఎవరికి తోడుగా తయారయ్యాడో ఆ ఆండీ కూడా లేడు.

బొమ్మల విషయానికొస్తే ఈ మూడింటిలో న్యూయెన్‌ని మించినవారు లేరని నా నమ్మకం. ఇవి నీటిరంగులు. సైన్స్ ఫిక్షన్‌లో యంత్రాలంటే గట్టి గీతలు, మెరిసే లోహం అలవాటు. ఇక్కడ అంచులు తడికి కరుగుతాయి, కాగితం తెలుపు అలాగే వదిలేసి ఉంటుంది, దూరంగా ఉన్నవి మంచులో కలిసిపోతాయి. గీత గట్టిగా లేనందువల్లే టిమ్ ఒంట్లో ప్రాణం ఉన్నట్టుంటుంది. ఖాళీ కారిడార్లలో అతను నడిచే పేజీల్లో మాటలు దాదాపు లేవు, మాటల అవసరమూ లేదు. ఏడేళ్ల పిల్లవాడు ఇంట్లో నిద్ర లేచి అమ్మ ఎక్కడా కనపడకపోతే ఎలా తిరుగుతాడో అలా తిరుగుతాడు.

ఇబ్బంది అంతా అక్కడికి చేరే దారిలోనే. మొదటి సగంలో మండలి పేరు, గ్రహాల పేర్లు, అధికారుల హోదాలు, శాస్త్రవేత్తకి వాళ్లకీ మధ్య వాదాలు వరుస కడతాయి. క్వాన్ పతనమైన మనిషి, ఆసక్తి కలిగించగలవాడే. కానీ అతను మనకి తన బాధ చెప్పుకోవడం తక్కువ, సమాచారం అందించడం ఎక్కువ. చివర్లో ఆకాశంలో కనిపించిన ఆ రాక్షస యంత్రాలకీ ఈ ఒంటరి పిల్లవాడికీ ఏదో చుట్టరికం ఉందని తెలుస్తుంది. కథగా అది గట్టి మేకు. అయితే అది బుర్రకి దిగే మేకు. మనసుకి దిగే మేకు అంతకు ముందే, ఆ ఖాళీ కారిడార్లలోనే దిగిపోయింది. సంచిక అక్కడే ఆగి ఉంటే నా లెక్కలో డిసెండరే మొదటి స్థానంలో ఉండేది.

పేపర్ గర్ల్స్ గురించి చెప్పాల్సింది తక్కువ, మెచ్చుకోవాల్సింది ఎక్కువ. 1988 నవంబర్ 1, పిల్లలు దెయ్యాల వేషాలు వేసుకుని తిరిగే హాలోవీన్ పండగ మర్నాడు తెల్లవారుజాము, ఒహాయో రాష్ట్రంలో ఒక శివారు ఊరు. పన్నెండేళ్ల ఎరిన్ సైకిల్ మీద పేపర్ వేయడానికి బయల్దేరుతుంది. రాత్రి వేషాలు విప్పని పోకిరీలు అడ్డగిస్తే మాక్, కేజే, టిఫనీ వచ్చి కలుస్తారు. నలుగురూ పేపర్ వేసే ఆడపిల్లలే. చాలాసేపు వింత ఏమీ జరగదు, ఎరిన్ కల ఒక్కటి తప్ప. 1986లో ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోవడం చూసిన పిల్లల మనసులో ఏముండేదో ఆ కలలో వచ్చే వ్యోమగామిని చూస్తే అర్థమవుతుంది. కొత్త గ్రహం పేరు ఒక్కటీ నేర్చుకోనక్కర్లేదు. తెల్లవారక ముందే సైకిల్ బెల్లు, గేటు మీంచి విసిరిన పేపర్ చప్పుడు విన్నవాళ్లకి ఆ వీధి పరాయిది కాదు. మన దగ్గర ఆ పని చేసేది ఎక్కువగా మగపిల్లలే. ఆ ఊళ్లోనూ మాక్ వచ్చేదాకా అంతే. ఆ ఒక్క వివరంతో నలుగురూ ఎందుకు గుంపుగా తిరుగుతారో వేరే చెప్పకుండానే తెలిసిపోయింది.

క్లిఫ్ చాంగ్ గీతలు శుభ్రంగా ఉంటాయి, ఏ పిల్ల ఎవరో నిలబడ్డ తీరులోనే పోల్చుకోవచ్చు. మాట్ విల్సన్ రంగులు వేకువకి ముందుండే ఊదా, గులాబీ, నీలాల్లో తిరుగుతాయి. ఆకాశంలో ఏదో తేడాగా ఉందని కథ చెప్పకముందే ఆ రంగులు చెప్పేస్తాయి. చివరి పేజీలో పిల్లల చేతికి ఒక వస్తువు దొరుకుతుంది. దాని మీద ఆపిల్ కంపెనీ గుర్తు ఉంటుంది. 1988 నాటికి ఆ కంపెనీ ఉంది, కానీ అలాంటి వస్తువు లేదు. అది ఏమిటో పిల్లలకి తెలియదు, మనకి తెలుసు. కాలం ఎక్కడో చిరిగిందన్న సంగతి మాట అక్కర్లేకుండా ఒక్క గుర్తుతో చెప్పేశారు. వారపత్రికల్లో సీరియల్ ఎక్కడ తెగాలో, సశేషం ఎక్కడ పడాలో తెలిసినవాళ్లు ఈ పేజీ చూస్తే మెచ్చుకోకుండా ఉండలేరు.

మరి పేపర్ గర్ల్సే మేలనాలి కదా? నేను అనను. ఆ చివరి పేజీ తర్వాత నాకు మిగిలింది ఆ వస్తువు ఏమిటన్న ప్రశ్న. ఎరిన్, మాక్ నచ్చారు. కానీ వాళ్లకి ఏమవుతుందోనన్న బెంగ రెండో సంచికలో, మూడో సంచికలో పట్టుకుంది. సాగా అలా కాదు. తన తల్లిదండ్రుల వల్ల తను పెరిగి పెద్దదవుతుందని, ఆ భాగ్యం అందరికీ దక్కదని హేజెల్ చెబుతుండగా సంచిక ముగుస్తుంది. అక్కడ తుపాకీ పేలదు, రహస్యం బయటపడదు. ఆ "అందరికీ" అన్న మాటలో ఎవరెవరు ఉన్నారో అన్న దిగులే నన్ను రెండో సంచికకి లాక్కెళ్లింది. ప్రశ్నకి జవాబు దొరికితే పాఠకుడు వెళ్లిపోవచ్చు. దిగులు పట్టుకున్నవాడు అంత తేలిగ్గా వదలడు. అందుకే మొదటి సంచికగా సాగాదే పైచేయి, దాని వెనక పేపర్ గర్ల్స్, ఆ తర్వాత డిసెండర్.

సాగాకి, పేపర్ గర్ల్స్‌కి తర్వాత ఉత్తమ కొత్త సిరీస్‌గా, కామిక్స్‌లో పెద్ద పేరున్న ఐస్నర్ అవార్డులు వచ్చాయి. డిసెండర్ బొమ్మలకి న్యూయెన్‌కీ వచ్చింది. వాటిని లెక్కలోకి తీసుకోకుండానే ఈ మాట చెబుతున్నాను. ముందుముందు కథ ఎంత బాగుపడిందో తెలిశాక మొదటి సంచికకి మార్కులు కలపడం న్యాయం కాదు.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి లెక్క కొంత మారుతుంది. కథ పూర్తవ్వాలి, మధ్యలో వేలాడకూడదు అనుకుంటే పేపర్ గర్ల్స్ పట్టుకోండి. 30 సంచికల్లో 2019కి ముగిసింది. డిసెండర్ 32 సంచికల్లో ముగిసినా కథ అసెండర్ పేరుతో కొనసాగింది. సాగా 2018లో 54వ సంచిక దగ్గర, గుండె పగిలే చోట ఆగి, 2022 జనవరిలో గానీ మళ్లీ మొదలవలేదు. ఆ మూడున్నరేళ్లు ఎదురుచూసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. సంపుటాలుగా కొంటే డిసెండర్ లోపం చాలావరకు కనపడదు, ఆ బరువైన మొదటి సగం వంద పేజీల్లో కలిసిపోతుంది. ఫోన్‌లో చదివేవాళ్లకి ఒక మనవి: ప్యానెల్ తర్వాత ప్యానెల్ జరుపుకుంటూ పోకండి. ముఖ్యంగా న్యూయెన్ పేజీలు. ఆ ఖాళీ తెలుపంతా పేజీ మొత్తం ఒక్కసారి చూస్తేనే కనిపిస్తుంది.

మా మేనకోడలికి పదమూడేళ్లు. మూడింటిలో తనకి ఇవ్వదగ్గది డిసెండర్ అనిపించింది. సాగా సంగతి ముందే చెప్పాను, పేపర్ గర్ల్స్‌లో మాక్ నోటి దురుసు ఇంకో రెండేళ్లు ఆగవచ్చనుకున్నాను. ఇచ్చిన రోజు సాయంత్రం చూస్తే పుస్తకం మధ్యలో తెరిచి చదువుతోంది. మొదటినుంచి చదవలేదేమే అని అడిగాను. "టిమ్ లేచే చోట మొదలుపెట్టాను మామయ్యా. ముందున్నదంతా తర్వాత చదువుతాలే, ముందు వీడికి ఎవరైనా దొరుకుతారేమో చూడాలి" అంది తలెత్తకుండానే.