క్విల్ట్ బట్ట కోయడానికి మ్యాట్, స్కేలు, కట్టర్: ఏళ్ళ తరబడి వాడాక నా మాట

కొన్నేళ్ళుగా నా పని బల్ల మీద ఇవే ఉంటున్నాయి: బట్ట కింద పరుచుకునే కటింగ్ మ్యాట్లు పెద్దది ఒకటి, చిన్నది ఒకటి, నాలుగు అక్రిలిక్ స్కేళ్ళు, గుండ్రటి బ్లేడు దొర్లుతూ కోసే రోటరీ కట్టర్లు రెండు. వీటితో చిన్న దిండు గలీబు నుంచి డబుల్ బెడ్ క్విల్ట్ (ముక్కలు కలిపి కుట్టే బొంత) దాకా కోశాను. వీటిల్లో ఏది ఎంతకాలం నిలిచింది, దేన్ని నమ్మవచ్చు, దేన్ని నమ్మకూడదు అనేది వాడగా వాడగా తెలిసిందే ఇక్కడ చెబుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొలత అంతా స్కేలుతోనే జరగాలి. మ్యాట్ మీద ఉన్న గళ్ళు కొలవడానికి కాదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, రెండు అంగుళాల చదరాలు పన్నెండు కలిపి ఒక వరస కుట్టాలనుకోండి. కుట్టుకి చుట్టూ పావు అంగుళం వదలాలి కాబట్టి ఒక్కో ముక్క రెండున్నర అంగుళాలకి కోస్తాం. ప్రతి ముక్కా 1/16 అంగుళం ఎక్కువ పడిందంటే, విడిగా చూస్తే కంటికి ఆనదు. పన్నెండూ కుట్టేసరికి వరస ముప్పావు అంగుళం పెరిగిపోతుంది. పక్క వరసలో కొన్ని ముక్కలు ఎక్కువ, కొన్ని తక్కువ ఉంటే మూలలు ఎక్కడా కలవవు. అప్పుడు బట్టని లాగి సరిపెడతాం, లాగినచోట ఉబ్బుతుంది, ఆ ఉబ్బు పైన క్విల్టింగ్ చేసేటప్పుడు, అంటే పొరలన్నీ కలిపి కుట్టేటప్పుడు, మడతలు పడతాయి.

ముందు కట్టర్ సంగతి. ఓల్ఫా కంపెనీ 1979లో రోటరీ కట్టర్ తెచ్చింది. అంతకుముందు అట్టముక్కతో అచ్చు చేసుకుని, పెన్సిల్‌తో చుట్టూ గీసి, ఒక్కో ముక్కా కత్తెరతో కోసేవాళ్ళు. కత్తెరతో కోసేటప్పుడు కత్తెర కింది అలుగు బట్టని బల్ల మీద నుంచి పైకి లేపుతుంది. లేచిన బట్ట కదులుతుంది, కదిలిన బట్ట కొలత మారుతుంది. రోటరీ కట్టర్‌లో ఉన్న అసలు లాభం వేగం కాదు, బట్ట పరిచినచోటే పరిచినట్టు ఉండటం.

బ్లేడు 18, 28, 45, 60 మిల్లీమీటర్ల సైజుల్లో దొరుకుతుంది. నేను ఎక్కువగా వాడేది 45. 28 సైజు వంపులకి బాగుంటుంది. 60ది మందపాటి బట్టకి, ఎక్కువ పొరలకి. ఒకటే కొనుక్కునేవాళ్ళకి 45 చాలు.

బ్లేడు మార్చాల్సిన సమయం బట్టే చెబుతుంది. బ్లేడు అంచు మీద ఒకచోట చిన్న గాటు పడిందంటే, కోసిన గీత పొడవునా సమాన దూరాల్లో ఒక్కో పోగు తెగకుండా మిగిలిపోతుంది. 45 సైజు బ్లేడు ఒక చుట్టు తిరిగితే సుమారు 14 సెంటీమీటర్లు, అంటే అయిదున్నర అంగుళాలు. కాబట్టి తెగని పోగులు సరిగ్గా అంత దూరంలో కనిపిస్తుంటే తప్పు బ్లేడుదే, మీ చేతిది కాదు. అలా కాకుండా ఎక్కడపడితే అక్కడ తెగకపోతే బ్లేడు మొద్దుబారిందని, ఒకేచోట మాటిమాటికీ తెగకపోతే మ్యాట్ అక్కడ గుంట పడిందని అర్థం. మొద్దు బ్లేడుతో నెట్టుకొస్తే బలం ఎక్కువ పెట్టాల్సి వస్తుంది, బలం పెడితే స్కేలు జారుతుంది. గాట్లు ఎక్కువగా పడేది గుండుసూది మీద నుంచి పోనిస్తే. బ్లేడు కొత్తదే అయినా సరిగ్గా దొర్లకపోతే స్క్రూ మరీ బిగుతుగా ఉందేమో చూడండి. కాస్త వదులు చేసి, బ్లేడు వెనక పేరుకున్న నూలు దుమ్ము తుడిచి, ఒక్క చుక్క మిషన్ ఆయిల్ వేస్తే చాలాసార్లు అదే సరిపోతుంది.

ఇక మ్యాట్. పెద్దది 24 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు. చోటుంటే ఇంతకంటే చిన్నది తీసుకోకండి, బట్ట బల్ల అంచు నుంచి కిందకి వేలాడితే దాని బరువే మిగతా బట్టని లాగుతుంది. ఈ మ్యాట్లని సెల్ఫ్ హీలింగ్ అంటారు. బ్లేడు పెట్టిన సన్నటి గాటు మళ్ళీ మూసుకుపోతుంది కానీ మాయమైపోదు. ఎప్పుడూ ఒకే గీత మీద కోస్తే అక్కడ కాలువ పడుతుంది. ఒకసారి కాలువ పడ్డాక బ్లేడు దానంతటదే అందులోకి జారుతుంది, స్కేలు పక్కనే పోతున్నా అంచు వంకర పోతుంది. నేను మ్యాట్‌ని అప్పుడప్పుడూ అటుదిటు తిప్పుతాను, రెండో వైపు కూడా వాడతాను. అందుకే నా పెద్ద మ్యాట్ ఇంతకాలం మన్నింది. గాట్లలో ఇరుక్కున్న నూలు పోగుల్ని మెత్తటి బ్రష్‌తో తీసేయాలి. అవి అలాగే ఉండిపోతే గాటు మూసుకోదు.

మ్యాట్‌కి పరమ శత్రువు వేడి. దాని మీద ఇస్త్రీ చేయకూడదు, వేడి గ్లాసు పెట్టకూడదు, ఎండలో నిలిపిన కారులో వదిలేయకూడదు. ఒకసారి వంగితే పూర్తిగా చదును కావడం కష్టం. గోడకి ఆనించి నిలబెట్టినా మెల్లగా వంగుతుంది. పరిచి ఉంచడం కుదరకపోతే క్లిప్పులతో నిటారుగా వేలాడదీయడం మేలు.

మ్యాట్ మీది గళ్ళని ఎందుకు నమ్మకూడదంటే, అవి మ్యాట్ మీద అచ్చు వేసిన గీతలు. మ్యాట్ మెత్తటి ప్లాస్టిక్, ఏళ్ళ వాడకంలో అది కాస్త అటూ ఇటూ అవుతుంది. పైగా బట్ట పరిచాక గీతలు దాని కింద దాక్కుంటాయి, బయటకి కనిపించే రెండు చివర్ల మధ్య ఊహించుకుని కోయాలి. నా చిన్న మ్యాట్ మీద ఒక అంచు నుంచి ఇంకో అంచుకి కొలిచి చూస్తే స్కేలుకీ దానికీ కంటికి కనిపించేంత తేడా ఉంది. మరి ఆ గళ్ళు దేనికంటే, బట్ట మడతని అడ్డగీతకి ఆనించి తిన్నగా పెట్టుకోవడానికి. దానికి మాత్రం ఎంతో ఉపయోగం.

ఇప్పుడు స్కేలు. నాలుగింట్లో ఏది లేకపోయినా ఉండగలను కానీ పొడుగు స్కేలు లేకుండా మాత్రం కుదరదు. ఆరు అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవుది. ఈ పొడవు ఊరికే పెట్టింది కాదు. క్విల్టింగ్ కాటన్ మామూలుగా 42 నుంచి 44 అంగుళాల పన్నాలో వస్తుంది. ఒక మడత వేస్తే 21 లేదా 22 అంగుళాలు. 24 అంగుళాల స్కేలు ఆ మడత మొత్తాన్నీ ఒకేసారి దాటుతుంది, మధ్యలో స్కేలు జరపాల్సిన పని లేదు. జరిపామంటే ఆ జరిపినచోట మెట్టు పడుతుంది. ఆరున్నర వెడల్పు, ఇరవై నాలుగున్నర పొడవు ఉన్నవి కూడా ఉన్నాయి. కుట్టు మార్జిన్ కలుపుకుని ఆరున్నర అంగుళాల బ్లాకులు (క్విల్ట్‌లో ఒక్కో చదరపు భాగం) ఎక్కువగా కోసేవాళ్ళకి ఆ అర అంగుళం బాగా కలిసొస్తుంది.

స్కేలు గీత ఎక్కడ పెట్టాలి అన్నది చాలామంది పట్టించుకోరు. గీతకి కూడా మందం ఉంటుంది. గీత బట్ట అంచు మీద పడుతుందా, అంచు బయట పడుతుందా అన్నదాన్ని బట్టి ముక్క ఒకటి రెండు పోగులు మారుతుంది. నేను గీత మొత్తం బట్ట మీదే ఉండేలా, దాని బయటి అంచుకి బట్ట అంచు తగిలేలా పెడతాను. మీరు ఇంకోలా పెట్టినా ఫరవాలేదు, క్విల్ట్ మొత్తానికీ అలాగే పెట్టాలి. ఇంకో విషయం, కొలత చూసేటప్పుడు తల సరిగ్గా గీత పైకి రావాలి. పక్కనుంచి చూస్తే స్కేలు మందం వల్ల గీత ఉన్నచోట కాకుండా కాస్త పక్కకి ఉన్నట్టు కనిపిస్తుంది. గీతలు స్కేలు అడుగు వైపు అచ్చు వేసినవైతే ఈ తేడా బాగా తగ్గుతుంది. కొనేటప్పుడు అది చూసుకోండి. నల్ల గీతలు ముదురు బట్ట మీద కనబడవు. రెండు రంగుల గీతలున్న స్కేలు కంటికి హాయి.

వేర్వేరు కంపెనీల స్కేళ్ళు ఒకే క్విల్ట్‌లో కలపకండి. గీతల మందంలో, అచ్చులో వెంట్రుకవాసి తేడా ఉన్నా పైన చెప్పిన లెక్క ప్రకారం వరస చివర్లో బయటపడుతుంది. కొత్త స్కేలు రాగానే పాతదాని మీద పెట్టి గీతకి గీత కలుస్తుందో లేదో చూస్తాను. అంచు తిన్నగా ఉందో లేదో చూడటానికి సన్నటి పెన్సిల్‌తో అంచు వెంబడి ఒక గీత గీసి, స్కేలు బోర్లా తిప్పి అదే చోట మళ్ళీ గీస్తాను. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడాలి.

స్కేలు జారడం అందరినీ వేధించే సమస్య. కొన్నింటికి వెనక గరుకు చుక్కలు ఉంటాయి, కొన్నింటికి పూర్తిగా పట్టుండే పూత ఉంటుంది. పూత ఉన్నవి గట్టిగా పట్టుకుంటాయి కానీ బట్ట మీద మెల్లగా జరపాలంటే కాస్త ఇబ్బంది. నాకు గరుకు చుక్కలే నచ్చాయి. ఏది ఉన్నా పట్టు చేతిలోనే ఉంది. అరచెయ్యి మొత్తం ఆనిస్తే బలం చెదిరిపోతుంది. వేళ్ళు విడదీసి, వేలి కొసలతో నొక్కి, చిటికెన వేలు స్కేలు అవతలి అంచు పక్కన మ్యాట్ మీద ఆనించి పెట్టండి. ఆ ఒక్క వేలు స్కేలు పక్కకి జరగకుండా అడ్డుకుంటుంది. కట్టర్ చేతి దాకా వచ్చాక ఆపి, బ్లేడు బట్టలోనే ఉంచి, చేతిని పైకి నడిపించి మళ్ళీ కోయాలి. 24 అంగుళాలూ ఒక్క ఊపులో కోయాలని చూస్తే పై చివర స్కేలు కచ్చితంగా తిరుగుతుంది. కట్టర్ ఎప్పుడూ మీ నుంచి బయటికి పోవాలి. గీత పూర్తవగానే, కింద పెట్టకముందే బ్లేడు మూసెయ్యాలి, ఇంకో గీత వెంటనే ఉన్నా సరే. బల్ల నడుము ఎత్తున ఉంటే భుజం బరువు స్కేలు మీద పడుతుంది. కూర్చుని కోస్తే ఆ బలం రాదు.

పొడుగు పట్టీలు కోసి విప్పి చూస్తే కొందరికి మధ్యలో, సరిగ్గా మడత దగ్గర, మోచెయ్యిలా వంపు కనిపిస్తుంది. రెండు వైపులా వెడల్పు సరిగ్గానే ఉంటుంది, మడతచోట మాత్రం పట్టీ విరిగినట్టుంటుంది. స్కేలు మడతకి నిటారుగా లేకుండా కోస్తే ఇలా వస్తుంది. మడత అంచు మీద స్కేలు అడ్డగీత ఒకటి సరిగ్గా పడాలి, అప్పుడే నిలువు అంచు కోయాలి. మొదటి అంచు సరిచేసుకున్నాక మూడు నాలుగు పట్టీలకోసారి మళ్ళీ ఆ అడ్డగీత చూసుకుని అంచు సన్నగా కోసి తీసేస్తాను. కాస్త బట్ట వృథా అవుతుంది, అయినా ఫరవాలేదు. బట్ట మడిచేటప్పుడు కూడా కోసి వచ్చిన చివరలు కలపాలని చూడకండి, షాపులో చింపిన చివర తిన్నగా ఉండాలని లేదు. రెండు పన్నా అంచులూ కలిపి పట్టుకుని బట్టని వేలాడదీయండి. మడత దగ్గర మెలి కనిపిస్తే ఒక పొరని పక్కకి జరుపుతూ పోండి, మెలి పోయి మడత తిన్నగా వేలాడుతుంది. నాలుగు పొరలుగా మడిస్తే రెండు మడతలూ స్కేలుకి నిటారుగా ఉండాలి, అంటే తప్పు పడే చోట్లు రెట్టింపు. రెండు పొరల దగ్గరే ఆగడం మంచిది.

బట్ట సంగతి కూడా ఒక మాట. పడుగు దిక్కున బట్ట దాదాపు సాగదు, పేక దిక్కున కొంచెం సాగుతుంది, ఐమూలగా లాగితే బాగా సాగుతుంది. అందుకే త్రికోణాలు కోసేముందు బట్టకి పల్చటి గంజి పెట్టి ఇస్త్రీ చేస్తాను. ఇస్త్రీ పెట్టెని ముందుకీ వెనక్కీ తోయకుండా, ఎత్తి పెట్టి, ఎత్తి పెట్టి. బట్ట కాగితంలా నిలబడితే కట్టర్ తాకిడికి కదలదు.

త్రికోణాలకి నాకు బాగా ఉపయోగపడేది ఆరున్నర అంగుళాల చదరపు స్కేలు. రెండు త్రికోణాలు కలిసి రెండు అంగుళాల చదరం కావాలంటే లెక్క ప్రకారం 2 7/8 అంగుళాల చదరాలు కోసి ఐమూలగా చీల్చాలి. నేను మూడు అంగుళాలకి కోసి, కుట్టి, ఇస్త్రీ చేశాక స్కేలు మీది 45 డిగ్రీల గీతని కుట్టు మీద పెట్టి నాలుగు వైపులా కత్తిరించి రెండున్నరకి తెస్తాను. పని పెరుగుతుంది నిజమే. కానీ ఐమూల అంచు సాగినా, కుట్టు కాస్త అటూ ఇటూ అయినా ఇక్కడ సరి అయిపోతుంది. త్రికోణాలతో కూర్చే నక్షత్రం డిజైన్ కొసలు పదునుగా రావాలంటే ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు.

ఇంత చేసినా బ్లాకు చిన్నదో పెద్దదో వస్తుంటే, తప్పు కోతదా కుట్టుదా అని తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఒకటిన్నర అంగుళం పట్టీలు మూడు కోసి పక్కపక్కనే కుట్టి, ఇస్త్రీ చేసి కొలవండి. మొత్తం మూడున్నర, మధ్య పట్టీ సరిగ్గా ఒక అంగుళం రావాలి. పట్టీలు కుట్టకముందు సరిగ్గా ఉండి, కుట్టాక మధ్యది తక్కువ వస్తే కుట్టు వెడల్పు ఎక్కువైంది. మడత తిరిగేచోట బట్ట మందం కూడా కొంత తింటుంది కాబట్టి పావు అంగుళానికి ఒకటి రెండు పోగులు తక్కువగానే కుట్టాలి.

గుండ్రంగా తిరిగే మ్యాట్ చిన్న ముక్కలు నాలుగు వైపులా కత్తిరించేవాళ్ళకి హాయి, మిగతావాళ్ళకి అక్కర్లేదు. స్కేలుకి అతికించే పిడులు నాకు నచ్చలేదు, బలం ఒక్కచోటే పడి స్కేలు చివర లేస్తుంది. చీలికలున్న స్కేలు పట్టీలు గబగబా కోయడానికి బాగుంటుంది కానీ బ్లేడు చీలికలో అటూ ఇటూ ఆడేంత జాగా ఉంటుంది. కచ్చితమైన పనికి దాన్ని తీయను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు 45 కట్టర్, పొడుగు స్కేలు, మీ బల్ల మీద పట్టేంత పెద్ద మ్యాట్ తీసుకోండి. చదరపు స్కేలు తర్వాత, అదే కంపెనీది. ఎడమచేతివాటం వాళ్ళు కట్టర్ కొనేముందు బ్లేడు రెండో వైపుకి మార్చుకునే వీలుందో లేదో, స్కేలు మీద అంకెలు రెండు వైపుల నుంచీ చదవగలిగేలా ఉన్నాయో లేదో చూసుకోండి. చాలావాటికి ఉంటాయి, లేని వాటితో ప్రతి కొలతా మనసులో తిప్పి లెక్కేసుకోవాలి.