వాటికన్ మ్యూజియమా, అస్సీసియా: ఒక్క రోజే మిగిలితే ఏది మేలు?

రోమ్‌కి టికెట్లు తీసుకున్నాక మనవాళ్లు అడిగే ప్రశ్న అటు తిప్పి ఇటు తిప్పి ఒకటే. "రోమ్‌లో మూడు రోజులుంటాం. కొలోసియం, పాత ఊరు చూడగా ఒక రోజు మిగులుతుంది. దాన్ని వాటికన్ మ్యూజియానికి ఇవ్వాలా, రైలెక్కి పునీత ఫ్రాన్సిస్‌వారి ఊరు అస్సీసి వెళ్లాలా?" గుడిలో పక్క బెంచీల్లో కూర్చునేవాళ్లే కాదు, మైకెలాంజెలో బొమ్మలు చూడాలని బయల్దేరే స్నేహితులూ ఇదే అడుగుతున్నారు. పునీత అంతోనివారి మీద భక్తి ఉన్నవాళ్లు, ఆయన సమాధి ఉన్న పదువా సంగతేంటని కూడా కలుపుతారు. ఈమధ్య అమ్మనీ పిన్నినీ తీసుకుని వెళ్లినప్పుడు నేనూ ఇది తేల్చుకోవాల్సి వచ్చింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక ముడి విప్పాలి. పునీత పేతురుగారి మహాదేవాలయం వేరు, వాటికన్ మ్యూజియం వేరు. చాలామంది రెండూ ఒకటే అనుకుని లెక్క వేసుకుంటారు. దేవాలయంలోకి టికెట్ లేదు, సెక్యూరిటీ క్యూ ఒక్కటే. మ్యూజియానికి టికెట్ కొనాలి, సీజన్‌లో బాగా ముందే బుక్ చేసుకోవాలి. దాని గుమ్మం ఎక్కడో ఉంటుంది, కోటగోడ చుట్టూ నడిచి వెళ్లాలి. మైకెలాంజెలో బొమ్మలున్న సిస్టీన్ చాపెల్ ఈ మ్యూజియం దారి చివర్లో ఉంటుంది. కాబట్టి అస్సీసి వెళ్లినంత మాత్రాన వాటికన్ వదులుకున్నట్టు కాదు. పొద్దున్నే, గుంపులు రాకముందే పేతురుగారి గుడికి వెళ్తే గుమ్మం దాటగానే కుడివైపు 'పియెటా' ఉంటుంది. చనిపోయిన కొడుకుని ఒడిలో పడుకోబెట్టుకున్న మరియమాత. మైకెలాంజెలో పాతికేళ్లయినా నిండకుండా చెక్కిన శిల్పం అది. 1972లో ఒకతను సుత్తితో కొట్టి దెబ్బతీశాక అద్దం పెట్టారు. అద్దం అవతల ఉన్నా ఆ తల్లి మొహం చూస్తే మాట రాదు. బుధవారమైతే పోపు గారి దర్శనం కూడా ఉంటుంది, దానికిచ్చే పాసు ఉచితం. ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకి కిటికీలోంచి ఆశీర్వాదం ఇచ్చేటప్పుడు పాసు కూడా అక్కర్లేదు, చౌకులో నిలబడితే చాలు. ఇవన్నీ రోమ్ రోజుల్లోనే అయిపోతాయి.

అంటే అసలు పోటీ మ్యూజియం రోజుకీ అస్సీసి రోజుకీ మధ్యే.

మ్యూజియాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. రాఫెల్ బొమ్మలు వేసిన గదులు ఉన్నాయి. 1508 నుంచి 1512 దాకా మైకెలాంజెలో తల వెనక్కి వంచి గీసిన సిస్టీన్ చాపెల్ కప్పు ఉంది. ఇరవై ఏళ్లు గడిచాక బలిపీఠం వెనక గోడ మీద ఆయనే వేసిన తుది తీర్పు ఉంది. అందులో ప్రభువు శిష్యుడు బర్తలోమయి చేతిలో వేలాడే ఒలిచిన చర్మానికి చిత్రకారుడు తన మొహమే పెట్టుకున్నాడంటారు. పోపుని ఎన్నుకునేది ఆ గదిలోనే. 2025 మే నెలలో మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి కార్డినల్ పూల ఆంతోని గారు ఆ బొమ్మల కిందే కూర్చుని ఓటు వేశారు. తెలుగు కథోలికులకి ఆ గది మీద మమకారం ఉండటం సహజం.

కానీ అక్కడ రోజు ఎలా గడుస్తుందో కూడా చెప్పాలి. ఏడాదికి 60 లక్షల మందికి పైగా వచ్చే చోటు అది. పొడుగాటి వరండాల్లో ముందువాళ్ల వీపు చూసుకుంటూ నడవాలి, ఆగాలంటే వెనకవాళ్లు తోస్తారు. చాపెల్‌లోకి చేరేసరికి కాళ్లు పీకుతుంటాయి. గోడ వెంట ఉన్న బెంచీలు ఎప్పుడూ నిండే ఉంటాయి. "మధ్యలోకి జరగండి, ఫోటోలు వద్దు, నిశ్శబ్దం" అని గార్డులు అరుస్తూనే ఉంటారు. కప్పు దాదాపు ఇరవై మీటర్ల ఎత్తు. ఆదాము వేలు ఎక్కడుందో వెతుక్కునేలోపే మెడ పట్టేస్తుంది. పిన్ని మొదటిసారి ఆ గదిలోకి వెళ్లొచ్చి, "చూశానమ్మా, కానీ ఏం చూశానో నువ్వే చెప్పాలి" అంది. ఆ తోపులాటలో ఎవరికైనా అంతే.

నా లెక్కలో తేల్చేది ఈ ఒక్క విషయమే. బొమ్మ ముందు మనల్ని ఎంతసేపు ఉండనిస్తారు? ఇవి చదువురాని జనం కూడా చూసి తెలుసుకోవాలని గోడల మీద వేసిన కథలు. ఒక దృశ్యం దగ్గర ఆగి, ఎవరు ఎవరి వైపు చూస్తున్నారో గమనించి, తర్వాతి దానికి వెళ్తేనే అవి మాట్లాడతాయి. భక్తితో వెళ్లినా, కళ కోసం వెళ్లినా కావాల్సింది ఆ తీరికే. టికెట్ ధర, రైలు, తిండి అన్నీ దాని తర్వాతే.

అస్సీసి గెలిచేది ఇక్కడే. ఫ్రాన్సిస్‌వారు 1226 అక్టోబరు 3 సాయంత్రం కన్నుమూశారు. రెండేళ్లు తిరక్కుండానే పునీతుడిగా ప్రకటించి, ఆ 1228లోనే సమాధి గుడికి పునాది వేశారు. కింద ఒక గుడి, దానిమీద ఇంకొక గుడి. పైగుడి గోడల మీద ఆయన జీవితం 28 దృశ్యాల్లో ఉంటుంది. జొత్తో అనే చిత్రకారుడు వేశాడని చెప్పుకుంటారు, కాదనే పండితులూ ఉన్నారు. లోపలికి టికెట్ లేదు. మనుషులు కూర్చునే బెంచీలున్నాయి. గంటసేపు కూర్చున్నా ఎవరూ లేపరు. మాటలు ఎక్కువైతే ఇక్కడా మైకులో "సిలెంజియో" అంటారు కానీ ముందుకు జరగమనరు. ఫోటోలు తీయనివ్వరు, అదీ ఒకందుకు మంచిదే.

రెండు దృశ్యాల గురించి చెప్తాను. మొదటిది కథ మొదలయ్యేదే, కుడి గోడ మీద బలిపీఠం వైపు ఉంటుంది. ఊరి చౌకులో ఒక మనిషి కుర్రాడైన ఫ్రాన్సిస్ కాళ్ల ముందు తన అంగీ పరుస్తున్నాడు. వెనక రోమన్ల కాలం నాటి మినర్వా గుడి. ఆ గుడి ఇప్పటికీ ఊరి మధ్యలో ఉంది, నడిచి వెళ్లి చూడొచ్చు. బొమ్మలో ఐదు స్తంభాలున్నాయి, అసలు గుడికి ఆరు. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఇది ముందే చెప్పకండి, వాళ్లనే లెక్కపెట్టనివ్వండి.

రెండోది అదే గోడ మీద చివరిది, గుమ్మం దగ్గర ఉంటుంది. 1223 క్రిస్మస్‌కి గ్రేచ్చో అనే ఊళ్లో ఫ్రాన్సిస్‌వారు పశువుల పాక కట్టించిన రాత్రి. మన ఊళ్లలో డిసెంబరులో గుళ్లోనూ ఇంట్లోనూ గడ్డి పరిచి కట్టే పాక ఆనవాయితీకి అంత బలం వచ్చింది ఆ రాత్రి నుంచే. చిత్రకారుడు మనల్ని నిలబెట్టింది జనం వైపు కాదు, బలిపీఠం వైపు. అందుకే పెద్ద సిలువ మనకి వీపు తిప్పి ఉంటుంది, దాని వెనక కొట్టిన చెక్క బద్దలు కనిపిస్తాయి. సన్యాసులు నోళ్లు బార్లా తెరిచి పాడుతున్నారు. ఆడవాళ్లని లోపలికి రానివ్వని చోటు కాబట్టి వాళ్లంతా తలుపు దగ్గర గుంపుగా నిలబడి తొంగి చూస్తున్నారు. అమ్మ ఆ ఆడవాళ్ల దగ్గరే ఆగిపోయింది. చిన్నప్పుడు క్రిస్మస్ రాత్రి పూజకి గుడి నిండిపోయి గుమ్మం బయట నిలబడిన సంగతులన్నీ చెప్పడం మొదలుపెట్టింది. సిస్టీన్ చాపెల్‌లో ఆ ముచ్చట చెప్పే వీలు ఎక్కడుంది?

కింది గుడి చీకటిగా ఉంటుంది, కళ్లు అలవాటు పడటానికి కొంచెంసేపు పడుతుంది. అక్కడ పియెత్రో లోరెంజెత్తి వేసిన కడరా భోజనం తప్పకుండా చూడాలి. ప్రభువూ శిష్యులూ బల్ల చుట్టూ కూర్చున్నారు, పక్కనే చిన్న వంటగది. ఒకడు కంచాలు తుడుస్తున్నాడు, కుక్క కంచం నాకుతోంది, పొయ్యి దగ్గర పిల్లి వెచ్చగా పడుకుంది. బయట ఆకాశంలో చందమామ, చుక్కలు. తల ఎత్తి వెతికితేనే కనిపిస్తుంది, అందుకే చాలామంది దాటి వెళ్లిపోతారు. ఇంకా కిందికి దిగితే సమాధి. ముతక రాళ్ల మధ్య రాతిపెట్టె, చుట్టూ ఆయన తొలి సహచరులు నలుగురి సమాధులు. 1818 దాకా ఆ పెట్టె ఎక్కడుందో బయటివాళ్లకి తెలియదు.

ఈ గోడలు పడిన కష్టం కూడా చిన్నది కాదు. 1997 సెప్టెంబరు 26న భూకంపానికి పైగుడి కప్పు కూలి నలుగురు చనిపోయారు. కప్పు మీది బొమ్మలు ముక్కలు ముక్కలుగా రాలిపోతే, ఆ ముక్కలు ఏరి, దొరికినంత మేర అతికించారు. తల ఎత్తితే ముక్కలు దొరక్క ఖాళీగా మిగిలిన చోట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. చిమబుయె వేసిన సిలువ మరణం మరో రకంగా పాడైంది. తెల్లరంగులో ఉన్న సీసం కాలక్రమేణా నల్లబడి, బొమ్మంతా ఫోటో నెగిటివ్‌లా మారింది. పాడైనదే కదా అని వదిలేయకండి. సిలువ కింద చేతులు పైకెత్తి ఏడుస్తున్న మగ్దలా మరియ ఆ నలుపులో ఇంకా దయనీయంగా ఉంది.

ఇంకో మాట. అస్సీసిలో బొమ్మకీ ఊరికీ మధ్య దూరం లేదు. తండ్రి ముందు బట్టలన్నీ విప్పి ఇచ్చేసిన దృశ్యం గోడ మీద చూస్తాం. అది జరిగిన చోటు, బిషప్ గారి భవనం పక్కన, అదే ఊళ్లో ఉంది. ఇప్పుడు అక్కడి గుడిలోనే 2025 సెప్టెంబరు 7న పునీతుడైన కార్లో అకూతిస్ సమాధి కూడా ఉంది. పదిహేనేళ్లకే క్యాన్సర్‌తో పోయిన కుర్రాడు. జీన్స్, స్నీకర్లతో పడుకోబెట్టిన ఆ అబ్బాయిని అద్దంలోంచి చూడటానికి కుర్రకారు బారులు తీరుతోంది. మీ ఇంట్లో టీనేజ్ పిల్లలుంటే, గుడి అంటే మొహం ముడుచుకునే వాళ్లయినా, ఇక్కడ ఆగుతారు.

పదువా సంగతి. అంతోనివారి సమాధి రాయి మీద చెయ్యి పెట్టి ప్రార్థించుకోవాలన్నది మొక్కు అయితే వెళ్లాల్సిందే, అందులో పోలికలు పెట్టకూడదు. కళ కోసమైతే, జొత్తో 1305 ప్రాంతంలో ముగించిన స్క్రొవేన్యి చాపెల్ నిజానికి అస్సీసి కంటే మెరుగ్గా నిలిచి ఉంది. కానీ ముందే బుక్ చేసుకోవాలి, గాలి తేమ సర్దుకునే గదిలో కూర్చోబెడతారు, తర్వాత లోపల ఉండనిచ్చేది మామూలుగా 15 నిమిషాలు. బొమ్మల రక్షణ కోసం అది అవసరమే. నా కొలబద్ద ప్రకారం మాత్రం వెనకబడుతుంది. పైగా రోమ్ నుంచి దూరం. వెనిస్ వెళ్లేవాళ్లు దారిలో కలుపుకోవడం మంచిది. మరియమాత పుణ్యక్షేత్రం లొరేతో, పునీత పాద్రె పియో గారి ఊరు రోమ్ నుంచి ఒక్క రోజులో చూసి రావాలంటే అలసటే మిగులుతుంది.

అస్సీసికి ఉన్న ఇబ్బందులు దాచను. రోమ్ నుంచి రైలు రెండు గంటల పైమాటే, కొన్ని బళ్లకి ఫొలీన్యోలో మారాలి. స్టేషన్ కింద మైదానంలో ఉంటుంది, ఊరు కొండ మీద. స్టేషన్ బయట సిటీ బస్సు దొరుకుతుంది. ఊళ్లో వీధులన్నీ ఎక్కడం దిగడమే. గుణదల కొండ మెట్లు ఎక్కగలిగిన వాళ్లకి ఇది కష్టం కాదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి మాత్రం కష్టమే. అలాంటివాళ్లని సమాధి గుడికి టాక్సీలో తీసుకెళ్లి, ఆ తర్వాత కిందున్న సాంత మరియా దెల్యి ఆంజెలికి తీసుకెళ్లండి. అది స్టేషన్‌కి దగ్గర, అంతా సమతలం. ఆ పెద్ద దేవాలయం లోపలే పోర్జియుంకొలా అనే చిన్న రాతి గుడి ఉంది, ఫ్రాన్సిస్‌వారు ప్రాణం విడిచింది దాని పక్కనే.

పెద్దవాళ్ల కోరిక "పోపు గారిని చూడాలి, పేతురు సమాధి దగ్గర మోకరించాలి" అన్నదే అయితే, వాళ్లని రైలెక్కించకండి, రోమ్‌లోనే ఉండండి. చిత్రకళ చదువుకున్నవాళ్లు, మళ్లీ ఇటలీ వచ్చే వీలు లేనివాళ్లు మ్యూజియమే ఎంచుకోవచ్చు. సాయంత్రం స్లాట్ తీసుకుంటే రద్దీ కొంచెం తగ్గుతుంది. మిగతా అందరికీ, భక్తి ఉన్నా లేకున్నా, నేను చెప్పేది అస్సీసే.

వీలైతే రాత్రి అక్కడే ఉండండి. టూరు బస్సులు సాయంత్రానికి దిగిపోతాయి, మళ్లీ పొద్దున్న పది దాటాకే వస్తాయి. కింది గుడి తెల్లవారుజామునే తెరుస్తారు, పైగుడి ఎనిమిదిన్నర ప్రాంతంలో. గుళ్లు తెరిచాక బస్సులు వచ్చేలోపు బొమ్మలు మీవి. గది కొండ మీద దొరక్కపోతే స్టేషన్ వైపు చూడండి, ధరలు తక్కువ. 2026తో ఫ్రాన్సిస్‌వారు పోయి 800 ఏళ్లు కాబట్టి జనం పెరిగారు. అక్టోబరు 3, 4 పండుగ రోజుల్లో మొక్కు ఉంటే తప్ప వెళ్లొద్దు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. ఎండాకాలమైనా ఒక చున్నీ బ్యాగులో ఉండాలి, లేకపోతే గుమ్మం దగ్గర ఆపేస్తారు.