మూడు పళ్ళ చేతి ఫోర్కు: తుంగ మీద ఎంతవరకు పనిచేస్తుంది

పూలమడిలో తుంగ కలుపు పడినవాళ్ళ కోసం ఈ రివ్యూ. మామూలు కలుపే అయితే ఈ వస్తువు అక్కర్లేదు, ఆ డబ్బుతో రెండు చామంతి మొక్కలు తెచ్చుకోండి.

మాది రాజమండ్రి. ప్రహరీ వెంబడి పొడవాటి మడి ఉంది. నందివర్ధనం, కనకాంబరాలు, మల్లె, వర్షాకాలంలో బంతి. గెత్తంతో వచ్చిందో, నర్సరీ మొక్క వేళ్ళకి అంటుకున్న మట్టితో వచ్చిందో గాని, తుంగ ఆ చివర మొదలై ఈ చివరికి పాకేసింది. పీకితే చేతికి ఆకులు మాత్రమే వస్తాయి. కాడ కింద గడ్డ దగ్గర పుటుక్కున తెగుతుంది. వారం తిరక్కుండా అదే చోట మళ్ళీ పచ్చగా నవ్వుతుంటుంది.

దీని బలమంతా మట్టి కిందే ఉంది. ఒక గడ్డ నుంచి సన్నటి వేరులాంటి కాడ, దాని చివర ఇంకో గడ్డ, అక్కడి నుంచి మరొకటి, ఇలా గొలుసులా సాగుతాయి. గొలుసు తెగనంత కాలం చాలా గడ్డలు నిద్రపోతూనే ఉంటాయి. పారతోనో తొలికతోనో చెక్కామా, తెగిన ముక్కలు దేనికది మొలకెత్తుతుంది. మా ఇంటికి తోటపనికి వచ్చే అతను ప్రతిసారీ మడంతా శుభ్రంగా చెక్కి వెళ్ళేవాడు. నెల తర్వాత చూస్తే తుంగ అంతకు ముందుకన్నా దట్టంగా ఉండేది. పాపం అతని పనిలో లోపం లేదు, పనిముట్టే దీనికి పనికిరానిది.

ఫోర్కు ఇనుప సామాను కొట్లో కొన్నాను, మూడొందల యాభై. జానెడు పళ్ళు మూడు, చెక్క పిడి. అంతకుముందు ఆన్‌లైన్లో మూడు పనిముట్ల సెట్టు ఒకటి తెప్పించాం. అందులోని ఫోర్కు పళ్ళు రేకుతో చేసినవి, కాస్త గట్టి మట్టి తగిలేసరికి వంగిపోయాయి. ఇది అలా కాదు, పోత పోసినట్టు గట్టిగా ఉంది.

వాడే పద్ధతి చెప్తాను, ఎందుకంటే తేడా అంతా అక్కడే ఉంది. ముందురోజు సాయంత్రం మడి తడపాలి. పొద్దుటికి మట్టి చేత్తో నలిపితే పొడిగా రాలే పదునులో ఉంటుంది. మరీ బురదైతే గడ్డలు ముద్దలో దాక్కుంటాయి. మొక్కకి బెత్తెడు దూరంలో ఫోర్కు నిలువుగా దింపి, పిడిని మెల్లగా వెనక్కి వంచితే మట్టి పైకి లేస్తుంది. అప్పుడు కాడని పట్టుకుని రెండో చేత్తో మట్టి విదిలిస్తే నల్లటి గడ్డ, దాని తోక, తోక చివర ఇంకో గడ్డ, అన్నీ కలిసి వస్తాయి. గొలుసు మొత్తం తెగకుండా వచ్చినప్పటి ఆనందం చెప్పలేను, మా ఆయన్ని పిలిచి మరీ చూపించాను. ఆయన “ఈ గడ్డలే ముస్తలు, మూలికల కొట్లో అమ్ముతారు, ఇచ్చేసి రానా” అన్నారు.

తీసిన గడ్డల్ని కంపోస్టులో వెయ్యకండి, అక్కడ హాయిగా బతికేస్తాయి. సిమెంటు గచ్చు మీద పల్చగా పరిచి, ఎండలో గలగలలాడేలా ఎండనిచ్చి పారేయాలి. రోహిణి కార్తె ఎండ దీనికి బ్రహ్మాండం.

ఒక్కసారితో పోతుందనుకోకండి. దొరకని గడ్డలు మళ్ళీ మొలుస్తాయి. మూడు నాలుగు వారాలు వదిలేస్తే వాటి కింద కొత్త గడ్డలు మొదలవుతాయి కాబట్టి, లేతగా కనబడగానే తవ్వేయాలి. మా మడిలో ఇప్పుడు అక్కడక్కడా ఒకటీ అరా తప్ప లేదు. బంతి దట్టంగా కమ్ముకున్న చోట అదీ లేదు, తుంగకి నీడంటే పడదు.

మందు కొట్టొచ్చు కదా అని పక్కింటి వదినగారు అడిగారు. గ్లైఫోసేట్ అనే కలుపు మందు ఆకు మీద పడితే తుంగకీ మల్లెకీ తేడా చూడదు. పైగా 2022 అక్టోబరులో కేంద్రం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదని ఆంక్ష పెట్టింది. కూరగాయల రైతులు పరిచే నల్ల మల్చింగ్ షీటూ దీని ముందు దండగే, సూదిలాంటి మొలకతో పొడుచుకుని పైకి వచ్చేస్తుంది.

ఇక లోపాలు. కనకాంబరాల మధ్య ఈ ఫోర్కు ఇబ్బంది, వాటి వేళ్ళు పైపైనే ఉండి కదిలిపోతాయి. అక్కడ పాత స్క్రూడ్రైవర్ వాడుతున్నాను. కుండీలకి మరీ పెద్దది. గరిక మీద సగం పనే చేస్తుంది, కణుపు కణుపుకీ వేళ్ళూనుకుంటుంది కనక చేత్తో వెతకాల్సిందే. వయ్యారిభామ కలుపుకైతే అసలు అక్కర్లేదు, పూత రాకముందు గ్లవ్స్ వేసుకుని వేళ్ళతో సహా లాగేస్తే చాలు. వానలో వదిలేస్తే పిడి వదులవుతుంది. ఎండిపోయిన నల్లరేగడిలో దిగడం కష్టమే, మాది గోదావరి ఒండ్రు కాబట్టి సరిపోయింది.

ఐదుకి నాలుగు ఇస్తాను. కొనేముందు పళ్ళు పిడిలోకి దిగే చోట పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి, కొంచెం కదిలినా ఇంకోటి తియ్యమనండి.