సలహా సంఘమా, సహ పరిశోధకులా: ఏది మేలు?

ఒక సమస్యను దాన్ని అనుభవిస్తున్నవారితో కలిసి అధ్యయనం చేసి, మార్పు కోసం పనిచేయడమే భాగస్వామ్య క్రియాత్మక పరిశోధన. ఇందులో స్థానికులను కలుపుకొనిపోవడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. పరిశోధకులే పథకం సిద్ధం చేసుకొని స్థానికులతో ఒక సలహా సంఘాన్ని వేయడం మొదటిది. అసలు సమస్య ఏమిటో తేల్చే దశ నుంచే వారిని సహ పరిశోధకులుగా చేర్చుకోవడం రెండవది.

సలహా సంఘాన్ని నడపడం తేలిక. ఖర్చు తక్కువ, గడువు దాటదు. అయితే 1969లో అమెరికాకు చెందిన షెర్రీ ఆర్న్‌స్టీన్ పౌర భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వివరించినప్పుడు, సంప్రదింపులనూ సలహా సంఘాల్లో చోటు ఇవ్వడాన్నీ నామమాత్రపు మెట్లలోనే చేర్చారు. చెప్పింది విన్నవారు దాన్ని పాటించి తీరాలన్న నియమం లేకపోతే ఆ మాటకు బలం ఉండదు.

తేడా ప్రశ్న దగ్గరే బయటపడుతుంది. తాగునీటి మీద అధ్యయనం అనుకుందాం. బయటినుంచి వచ్చినవారు కుళాయి ఉందా, రోజుకు ఎన్ని లీటర్లు వస్తాయి అని అడుగుతారు. నీళ్లు పట్టే మహిళలు ప్రశ్నలు రాస్తే, నీళ్లు ఏ వేళకు వస్తాయి, అప్పుడు పని మానుకొని ఇంట్లో ఉండేది ఎవరు అన్నవి ముందుకు వస్తాయి. సలహా సంఘం ఈ ప్రశ్నను చివర్లో చేర్పించగలదేమో గాని, అధ్యయనాన్ని పరిమాణం నుంచి సమయం వైపు తిప్పలేదు. ఆ మలుపు లేనిదే సరఫరా వేళలు మార్చాలన్న కార్యాచరణ కూడా పుట్టదు.

సహ పరిశోధనకూ చిక్కులు లేకపోలేదు. ఊరంతా ఒకే గొంతు కాదు. కూలి పోగొట్టుకొని సమావేశానికి రాలేనివారికి భత్యం ఇవ్వకపోతే, తీరికా పలుకుబడీ ఉన్నవారే అందరి తరఫునా మాట్లాడతారు. పొరుగువారే ఇంటర్వ్యూ చేస్తే కొందరు మనసు విప్పుతారు, కొందరు గుట్టు బయటపడుతుందని నోరు కట్టేసుకుంటారు. అందుకే గృహహింస, అప్పులు వంటి విషయాల్లో ఎవరు అడగాలన్నది జవాబు చెప్పేవారి ఇష్టానికే వదిలేయాలి.

ప్రశ్న ఇంకా తేలకుండా ఉండి, నిధులిచ్చేవారు మార్పులకు ఒప్పుకుంటే సహ పరిశోధనే మేలని నా అభిప్రాయం. ప్రశ్నా బడ్జెట్టూ ముందే ఖరారైపోతే మాత్రం, దాన్ని భాగస్వామ్యమని పిలవకుండా సలహా సంఘమని చెప్పుకోవడమే నిజాయితీ. సహ పరిశోధననే ఎంచుకుంటే సమాచారం ఎవరి దగ్గర ఉంటుందో, ఖర్చుకు ఎవరు సంతకం పెడతారో, నివేదికపై ఎవరి పేర్లు ఉంటాయో, ఫలితాలు నచ్చనప్పుడు ప్రచురణను ఆపే హక్కు ఎవరికుందో మొదటి సమావేశాల్లోనే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.