పంపు మీద తడి గోనెసంచి చూసి కూడా మోసపోయాను, పాత లారీ కొనేవాళ్ళు జాగ్రత్త

నిన్న రాత్రే ఇల్లు చేరాను. కోపం ఇంకా తగ్గలేదు. తగ్గేదాకా ఆగకుండా ఇప్పుడే రాస్తున్నాను, ఎందుకంటే నాకు బండి అమ్మిన మనిషి దగ్గర ఇంకో రెండు బళ్ళు అమ్మకానికి ఉన్నాయి. పేరు రాయను. విజయవాడ ఆటోనగర్‌లో పాత బళ్ళ కోసం తిరిగేవాళ్ళలో చాలామందికి ఆయన తెలుసు.

బండి 2014 మోడల్, పది టైర్లు, ఆరు సిలిండర్లు, సిలిండర్లకి డీజిల్ కొట్టేది పాత రకం ఇన్‌లైన్ పంపు. 9 లక్షల 80 వేలకి తీసుకున్నాను. ఆరు లక్షలు ఫైనాన్స్, మిగతాదానికి మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టాం. టైర్లు చూశాను, ఛాసిస్ చూశాను, కాగితాలు చూశాను. పంపు మాత్రం చూడలేదు. చూడలేదని కూడా అనలేను, కళ్ళముందే ఉంది.

నేను వెళ్ళేసరికి ఉదయం పదకొండు. అప్పటికే ఇంజన్ ఆన్‌లో ఉంది. బానెట్ ఎత్తి చూపించారు. పంపు మీద తడిపిన గోనెసంచి ఒకటి కప్పి ఉంది. అదేంటన్నా అని అడిగాను. "ఇప్పుడే కడిగాం తమ్ముడూ, మా కుర్రోడు మర్చిపోయాడు" అని ఆయనే తీసి పక్కన పడేశాడు. ఆపి మళ్ళీ స్టార్ట్ చేయమన్నాను. సగం సెల్ఫ్‌కే పట్టుకుంది. ఆ తర్వాత ఖాళీ బండితో ఐదారు కిలోమీటర్లు ట్రయల్ వేశాం. మధ్యలో ఆపబోతుంటే "ఆపకు తమ్ముడూ, బ్యాటరీలు కాస్త వీక్‌గా ఉన్నాయి" అన్నాడు. నమ్మాను. డిప్ స్టిక్ తీస్తే ఆయిల్ మ్యాక్స్ గీత దాటి ఉంది. "నిన్ననే మార్చాం, కుర్రోళ్ళు కొంచెం ఎక్కువ పోశారు" అన్నాడు. అదీ నమ్మాను.

ఇంటికి తెచ్చాక వారం రోజులు ఏ ఇబ్బందీ లేదు. పొద్దున్నే చల్లటి ఇంజన్ వెంటనే స్టార్ట్ అయ్యేది. మొదటి లోడుతో నంద్యాల వెళ్ళేటప్పుడు వినుకొండ దగ్గర టీ కోసం ఆపితే మళ్ళీ స్టార్ట్ అవడానికి చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వచ్చింది. ఆయన చెప్పిన మాట బుర్రలో ఉంది కదా, బ్యాటరీలే అనుకుని రెండూ కొత్తవి వేయించాను. ఆ డబ్బూ దండగైంది.

తిరుగు ప్రయాణంలో బేతంచెర్ల నాపరాళ్ళు ఎత్తుకున్నాం. గాజులపల్లె దాటి నల్లమల ఘాట్ ఎక్కుతుంటే బండికి పికప్ లేదు, వెనక నల్లగా పొగ. మధ్యాహ్నం రెండు గంటలు, ఎండ మండిపోతోంది. ఎదురుగా ఒక బండి మలుపు తిరగలేక ఆగితే మేమూ ఆపాం. అంతే, ఇక స్టార్ట్ కాలేదు. కొత్త బ్యాటరీలు కాబట్టి సెల్ఫ్ గట్టిగానే తిరుగుతోంది. సైలెన్సర్ నుంచి మాత్రం పొగ చుక్క కూడా లేదు. పొగ రావట్లేదంటే సిలిండర్లలోకి డీజిల్ వెళ్ళట్లేదని అర్థం. డ్రైవర్ డీజిల్ లైన్‌లో గాలి చేరిందేమోనని, గాలి వదిలే బ్లీడ్ స్క్రూ విప్పి చేత్తో ప్రైమింగ్ కొట్టాడు. బుడగలు లేకుండా డీజిల్ వస్తోంది. ఫిల్టర్ కొత్తది. ఘాట్‌లో మా వెనక బళ్ళు ఆగిపోయి హారన్లు కొడుతుంటే నాకు చేతులు వణికాయి.

వెనక బండిలోంచి ఒక పెద్దాయన దిగి వచ్చాడు. పంపు మీద చెయ్యి పెట్టి చూసి, ఏమీ మాట్లాడకుండా గోనెసంచి అడిగాడు. క్యాన్‌లో నీళ్ళతో తడిపి పంపు మీద కప్పాడు. పది నిమిషాలు ఆగి సెల్ఫ్ కొట్టమన్నాడు. స్టార్ట్ అయింది.

"ఎలిమెంట్లు పోయాయి బాబూ. ఎవరు అమ్మారు నీకు ఇది?" అన్నాడు. ఎలిమెంట్లంటే పంపు లోపల డీజిల్‌ని ఒత్తి పంపే ప్లంజర్, బ్యారెల్ జతలు.

ఆ తడి సంచి చూడగానే నాకు ఆటోనగర్ గుర్తొచ్చింది. అక్కడ ఎవరూ ఏదీ మర్చిపోలేదు. నేను వస్తున్నానని తెలిసి పంపుని చల్లబరిచి పెట్టారు. ఆ ఒక్క విషయం తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టట్లేదు.

గిద్దలూరు చేరాక ఫోన్ చేశాను. బేరం రోజున మాటకి ముందు తమ్ముడూ, మాటకి వెనక తమ్ముడూ అన్న మనిషి, "బండి నువ్వే చూసుకుని కొన్నావ్, నీకు తెలీకపోతే నన్నేం చేయమంటావ్? పాత బండికి గ్యారంటీ ఇస్తారా ఎక్కడన్నా?" అన్నాడు. తడి సంచి సంగతి అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "ఇంకోసారి ఫోన్ చేయకు" అని పెట్టేశాడు. పంపు పాడైందని ముందే చెప్పి ఉంటే ఆ మేరకు తగ్గించుకుని ఇదే బండి కొనేవాణ్ణి. నేను అన్నా అని పిలిచిన మనిషి అంత చేశాడు.

నిన్న గుంటూరులో పంపు విప్పించాను. పంపు మేస్త్రి విప్పకముందే టెస్ట్ బెంచ్ మీద ఎక్కించి చూపించాడు. ఆరు గాజు గొట్టాల్లో డీజిల్ ఆరు రకాలుగా పడింది. నెమ్మదిగా తిప్పితే రెండింటిలో దాదాపు పడనేలేదు. ప్లంజర్లు తీస్తే అద్దంలా మెరవాల్సిన చోట మసకబారి నిలువు గీతలు. ప్లంజర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు మైక్రాన్లలో ఉంటుందట. అది అరిగితే, వేడికి పల్చబడిన డీజిల్ ఆ సందులోంచి జారిపోతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు పంపు నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి జారడానికి ఇంకా టైమ్ దొరుకుతుంది, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ తెరుచుకునే ప్రెషర్ రాదు. ఒకసారి స్టార్ట్ అయితే స్పీడ్‌లో ఆ లోపం దాగిపోతుంది. అందుకే ట్రయల్‌లో ఆపనివ్వలేదు.

జారిన డీజిల్ మా పంపులో కింద ఇంజన్ ఆయిల్‌లో కలుస్తోంది. మ్యాక్స్ గీత దాటడానికి కారణం అదే. ఆయిల్ వేలికి రాసి వాసన చూస్తే డీజిల్ కంపు. ఇంకా, పంపులో డీజిల్ మోతాదుని అదుపు చేసే గవర్నర్ దగ్గర ఉండాల్సిన సీసం సీలు లేదు. పికప్ తగ్గింది తెలియకుండా ఫుల్ లోడ్ స్క్రూ తిప్పి డీజిల్ పెంచారు. ఆ నల్లపొగ అందువల్లే. ఆరు ఎలిమెంట్లు, డెలివరీ వాల్వ్‌లు, నాజిళ్ళు, కాలిబ్రేషన్ అన్నీ కలిపి 46 వేలు చెప్పాడు. బేరింగులు ఎలా ఉన్నాయో ఇంకా చూడాలి, పల్చబడిన ఆయిల్‌తోనే ఇన్ని కిలోమీటర్లు తిప్పాం కదా.

కొనేవాళ్ళకి చెప్పేది కొంచెమే. చల్లటి ఇంజన్ స్టార్ట్ అయిందని సంతోషపడొద్దు. లోడు దొరికితే లోడుతో, లేకపోతే కనీసం అరగంట బాగా వేడెక్కేదాకా తిప్పి, ఆపి, పది పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ స్టార్ట్ చేయండి. ఆపొద్దన్నారంటే అక్కడే ఆపించండి. ఆయిల్ వాసన చూడండి, పంపు సీలు చూడండి. కొత్త బళ్ళలో కామన్ రైల్ పంపులు వేరే, వాటి సంగతి ఆ పని తెలిసినవాళ్ళనే అడగండి. తడి సంచి పరీక్ష మీరే చేయకండి, వేడి పంపు మీద ఒక్కసారిగా చల్లనీళ్ళు పడితే ప్లంజర్ పట్టేయొచ్చని మేస్త్రి చెప్పాడు. వెయ్యో రెండు వేలో ఇచ్చి ఒక పంపు మేస్త్రిని వెంట తీసుకెళ్ళండి. నేను ఆ డబ్బు దగ్గర చూసుకున్నాను.

ఆ రెండు బళ్ళు చూడ్డానికి వెళ్ళేవాళ్ళుంటే చెప్పకుండా మధ్యాహ్నం పూట వెళ్ళండి. ముందు పంపు మీద చెయ్యి పెట్టండి. ఇంజన్ వేడిగా ఉండి పంపు ఒక్కటే చల్లగా ఉంటే బేరం కూడా ఆడకుండా వచ్చేయండి.